డ్యూయల్ క్లచ్చా, టార్క్ కన్వర్టరా? పర్లాకిమిడి తేల్చుకోవాలి

ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి ప్రజలను ప్రస్తుతం పట్టి పీడిస్తున్న సమస్య ఒక్కటే. మా తోడల్లుడికి ఏ గేర్‌బాక్సు నప్పుతుంది? కుళాయి నీళ్లు, మురిక్కాలువలు, దోమలు లాంటి చిల్లర విషయాలు అది తేలాక తీరిగ్గా చూసుకోవచ్చు.

ఆయన కొనదలచినది కాంపాక్ట్ లగ్జరీ సెడాన్. వెనక కూచున్నవాళ్లు మోకాళ్లు దగ్గరికి లాక్కోవాలి గానీ, బానెట్ మీది గుర్తు చూసి ఊరంతా కుళ్లుకోవాలి. అలాంటి బండి. రంగు చూసుకుని, ఈఎంఐ లెక్కేసుకుని, నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకుంటే పోయేది. ఎవరో పుణ్యాత్ముడు చెవిలో వేశాడు: ఇంజిన్, డ్రైవ్‌ట్రెయిన్ (అంటే బండిని ఏ చక్రాలు లాగాలన్నది), ట్రాన్స్‌మిషన్ (అంటే గేర్‌బాక్సు), ఈ మూడూ తేల్చుకోకుండా కొంటే మోసపోతావని. అప్పటినుంచి 2021 నాటి మోడళ్ల వివరాలన్నీ చార్టుగా కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇలాంటివాడు మీ ఊళ్లోనూ ఉంటాడు. పెళ్లిలో సరిగ్గా మీ పక్క కుర్చీయే అతనికి దొరుకుతుంది.

మొన్న పాతపట్నంలో పెళ్లి భోజనాలు. పప్పులో నెయ్యి పడిందో లేదో, విస్తరి పక్కన చార్టు పడింది.

"అన్నయ్యా, బీఎండబ్ల్యూ డీజిల్ బండి 220డీ ఏడున్నర సెకన్లలో వంద స్పీడు అందుకుంటది. పెట్రోల్‌ది, 220ఐ అయితే ఏడు పాయింట్ ఒకటే. ఏటంతావ్?"

"ఆ పాయింట్ నాలుగు సెకన్లు మిగిల్తే ఏం చేస్తావు తమ్ముడూ?" అన్నాను.

నిజంగానే ఆలోచనలో పడ్డాడు. పెరుగన్నం వచ్చేదాకా ఆలోచించాడు.

ఆయనకు రైసుమిల్లు ఉంది. ఇంటికీ మిల్లుకీ రెండు కిలోమీటర్లు. మధ్యలో స్పీడ్ బ్రేకర్లు, ఆంబోతులు, వడ్లు తెచ్చే ట్రాక్టర్లు. అక్కడ వంద అందుకోవడానికి సెకన్లు చాలవు, హెలికాప్టర్ కావాలి.

సరే, ఇంజిన్ సంగతికి వద్దాం. 2021 మార్చిలో మన దేశంలోకి వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ లిమోజీన్‌లో పెట్రోల్ ఇంజిన్ 1.3 లీటర్లు, 163 హార్స్‌పవర్. అది రెనో-నిస్సాన్ వాళ్లతో కలిసి తయారు చేసుకున్న ఇంజిన్. దాని తోబుట్టువే 2020లో మామూలు రెనో డస్టర్‌లోనూ వచ్చింది. ఇంజినీరింగ్ లెక్కన ఇందులో తప్పేమీ లేదు, మంచి ఇంజినే. కానీ ఈ ముక్క చెప్పాక మా వాడు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. హాయిగా గడిచాయి.

తర్వాత డీజిల్ మీదికి పోయాడు. బీఎండబ్ల్యూ 220డీ, 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ నాలుగొందలు అనే అంకెని ఆయన పలికే తీరు వినాలి, మనవడి మార్కులు చెబుతున్నట్టు ఉంటుంది. అయితే 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. పట్టిన మసిని అదే కాల్చుకోవాలి. దానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు మంచి స్పీడులో పరుగెత్తాలి. ఇంటి నుంచి మిల్లుకి రెండు కిలోమీటర్లు పోయే బండిలో ఇంజిన్ వేడెక్కేలోపే తాళం తీసేస్తారు. మసి పేరుకుంటుంది, మీటర్ దగ్గర లైటు వెలుగుతుంది.

అందుచేత ఆయన డీజిల్ కొంటే మా కుటుంబం ఆదివారాలు ఎలా గడుస్తాయో నాకు ఇప్పుడే కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. తెల్లారి ఐదింటికి పులిహోర, అత్తగారు, మరదలు, పిల్లలు, అందరూ కారులో. గుడికా? కాదు, మసి కాల్చడానికి. మహేంద్రతనయ దాటి, పాతపట్నం మీదుగా టెక్కలి పోయి, హైవే ఎక్కి ఉత్తరానికి తిరుగుతారు. పలాస వస్తుంది. "జీడిపప్పు కొందాం, ఆపండి" అంటుంది మరదలు. "ఆపితే కాల్చడం ఆగిపోద్ది!" అని గర్జిస్తాడు. అత్తగారికి అర్జెంటు. "ఇంకాసేపు ఓర్చుకోండత్తా, ఫిల్టర్ ఇప్పుడే వేడెక్కుతోంది." కంచిలి పోతుంది. సోంపేట పోతుంది. టోల్‌గేటు ముందు లైను చూసి ఆయన కళ్లలో నీళ్లు. ఇచ్ఛాపురం దాటి మళ్లీ ఒడిశాలో పడేసరికి లైటు ఆరుతుంది. ఆయన చేతులు జోడిస్తాడు. పులిహోర పాచిపోయింది, పిల్లాడు వాంతి చేసుకున్నాడు, అత్తగారు ఎవరితోనూ మాట్లాడటం లేదు. కానీ ఫిల్టర్ శుభ్రం. బరంపురంలో ఇడ్లీ తిని, వచ్చిన దారినే వెనక్కి. వచ్చే ఆదివారం మళ్లీ యాత్ర.

అన్నట్టు, ఈ డీజిల్ కార్లకి యాడ్‌బ్లూ అని ఒక నీళ్లు కూడా పోయాలి. నూటికి ముప్పై రెండున్నర పాళ్లు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడే రైతులు ఈ సంగతి విన్నారో లేదో. వాళ్ల వడ్లు ఆడిన డబ్బుతోనే ఈ కారు.

గేర్‌బాక్సు దగ్గరికి వచ్చేసరికి చార్టు తిరగబడింది. 220ఐ లోనూ, మెర్సిడెస్ పెట్రోల్ బండి ఏ200 లోనూ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. ఒక క్లచ్ బేసి గేర్లకి, ఇంకొకటి సరి గేర్లకి. ఒకటి పనిచేస్తుండగానే రెండోది తర్వాతి గేరు వేసుకుని కాచుకుని ఉంటుంది. హైవే మీద రాజా. మా బజారులో మనిషి నడక కంటే నెమ్మదిగా పాకేటప్పుడు మాత్రం క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కుతుంది. నూనెలో తడిసే రకమైతే కాస్త తట్టుకుంటుంది, పొడి రకమైతే ఇంకా కష్టం. టార్క్ కన్వర్టర్‌లో ఆ బాధ లేదు, బలం నూనె ద్వారా అందుతుంది, పాకినా నొప్పి తెలియదు. కానీ ఎనిమిది గేర్ల ఆ కన్వర్టర్ వచ్చేది 220డీలో, అంటే డీజిల్లో. మసి వద్దంటే క్లచ్ వేడి, క్లచ్ వేడి వద్దంటే మసి. ఇది తెలిశాక ఆయనకి రెండు పూటలా గ్యాస్ టాబ్లెట్ మొదలైంది.

ముందు చక్రాల డ్రైవ్ గురించి వాదన త్వరగానే తేలింది. మా బండికి ఎద్దుల్ని ముందే కడతాం, వెనక కట్టి తోయించం, అన్నాను. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "మరి నాలుగు చక్రాలూ లాగితే ఇంకా మంచిది కదా అన్నయ్యా" అన్నాడు. ఏ-క్లాస్ లిమోజీన్‌లో అది కావాలంటే 306 హార్స్‌పవర్ ఏ35కి పోవాలి. 1900లో రాజావారు నౌపడా నుంచి మా ఊరికి రెండున్నర అడుగుల గేజి రైలు వేయిస్తే, ఏ చక్రం లాగుతోందని అడక్కుండానే జనం ఎక్కి కూచున్నారు.

"కొండదారిలో పనికొస్తది" అన్నాడు ఏ35 గురించి.

ఏ కొండదారి? నాలుగు చక్రాలకీ బలం వెళ్లినంత మాత్రాన బండి కడుపు నేల నుంచి పైకి లేవదు. గుమ్మ వైపో నువాగడ వైపో ఒక్కసారి పోయి చూడు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు కొండ విరిగి దారుల మీద పడింది. తుపాను రాని ఏళ్లలో మాత్రం ఏం వెలగబెట్టారు? కాన్పు నొప్పులు పడుతున్న సవర పిల్లని ఇప్పటికీ కర్రకి దుప్పటి కట్టి మోస్తున్నారు. అంబులెన్స్ కొండ కిందే, తారు రోడ్డు అయిపోయిన చోట ఆగిపోతుంది. ముందొకడు, వెనకొకడు, భుజం మార్చుకోవడానికి పక్కన ఇద్దరు. చూశావా, అదీ ఆల్ వీల్ డ్రైవే! ఏడు గేర్లూ వాళ్ల పిక్కల్లోనే ఉన్నాయి. దానికి ఏ షోరూమూ కాటలాగు వేయదు, ఏ మంత్రీ రిబ్బను కత్తిరించడు. బిడ్డ దారిలోనే పుడితే వార్త లోపలి పేజీలో వేస్తారు. బిడ్డ పోతే వేయరు. సరిహద్దుకి ఇవతలా అదే, అవతలా అదే. ఓట్లప్పుడు మాత్రం రెండు రాష్ట్రాల జీపులూ ఏ డ్రైవ్‌తో ఎక్కుతాయో తెలీదు, ఎక్కడ లేని కొండా ఎక్కేస్తాయి.

ఇదంతా ఆయన మొహం మీదే అన్నాను, ఇంకా గట్టిగా అన్నాను. ఆయన తల వంచుకుని మొత్తం విన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"అంటే అన్నయ్యా, గ్రౌండ్ క్లియరెన్స్‌కి కూడా ఒక గడి పెట్టాలంటావు."

పెట్టాడు. మళ్లీ లామినేషన్‌కి ఇచ్చాడు.