వ్యాసంలో విషయం ఎందుకు?

మన పిల్లలకు సమాచార రచన రావడం లేదనీ, ఒక సంగతిని చూసి, కనుక్కుని, తెలియనివాడికి అర్థమయ్యేలా రాయడం బడిలో ఎవరూ నేర్పడం లేదనీ కొందరు విద్యావేత్తలు తరచూ వాపోతుంటారు. ఇది అన్యాయమైన అభియోగం. విషయం తెలిసినప్పుడు రాయడం ఎవరికైనా సాధ్యమే. ఏ విషయమూ తెలియకుండా, అరగంట తిరగకముందే, సైడ్ హెడింగుల కింద స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ రెండు పేజీలు నింపగలగడం మన పదో తరగతి విద్యార్థికి మాత్రమే అబ్బిన విద్య.

ఈ విద్యకు కట్టుదిట్టమైన శాస్త్రం ఉంది. వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు అంగాలు. ఉపోద్ఘాతం ‘మానవుడు సంఘజీవి’ అని గానీ ‘నేటి ఆధునిక యుగంలో’ అని గానీ మొదలు కావాలి. విషయ వివరణలో లాభాలు, నష్టాలు విడివిడిగా చూపాలి. వరకట్నానికి లాభాలేమిటని అడిగే కుర్రవాడు ఎప్పటికీ ఫస్టు రాలేడు. ముగింపులో ప్రభుత్వమూ ప్రజలూ కలిసి కృషి చేయాలి. గ్రంథాలయాలైనా, సెల్‌ఫోన్లైనా, అడవుల పెంపకమైనా ఆ కృషి తప్పదు. ఈ పద్ధతిలో తర్ఫీదు పొందినవాడు ప్రశ్నపత్రంలో శీర్షిక చదవకపోయినా సగం వ్యాసం రాసేయగలడు, చదివితే మాత్రం కాస్త తడబడతాడు.

నీటి కాలుష్యాన్నే తీసుకుందాం. నల్లగొండ జిల్లా మర్రిగూడలోనో, ప్రకాశం ప్రాంతంలోని కనిగిరిలోనో చదివే పిల్లవాడు ఈ వ్యాసం రాయాల్సి వచ్చిందనుకోండి. నీరు ప్రాణాధారమనీ, భూమి మీద మూడు వంతులు నీరేననీ, కర్మాగారాల వ్యర్థాలు నదుల్లో కలుస్తున్నాయనీ అతడు చక్కగా రాస్తాడు. అతని ఊళ్లో నది లేదు, కర్మాగారమూ లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మోతాదు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుని, నడుము వంగిపోతుంది. ఈ జబ్బును మన దేశంలో మొట్టమొదట గుర్తించి 1937లో వైద్యులు ప్రకటించింది అదే ప్రకాశం ప్రాంతంలోని దర్శి, పొదిలి పరిసరాల్లోనే. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దాన్ని ఆఫ్రికా దేశాల్లో సైతం ‘నల్లగొండ పద్ధతి’ అనే పిలుస్తారు.

ఇదంతా ఆ పిల్లవాడు రాయవచ్చా? ససేమిరా రాయకూడదు. నాన్నమ్మ నడుము ఎందుకు వంగిందో, కృష్ణా నీళ్లు పైపుల్లో రాకముందు ఊరివాళ్లు ఏం తాగేవారో, ట్యాంకరు ఎన్నాళ్లకొకసారి వచ్చేదో రాసుకుంటూ పోతే అది సొంత పైత్యమవుతుంది. పైగా అది గైడులో లేదు. పేపరు దిద్దే ఉపాధ్యాయుడి పరిస్థితి కూడా ఆలోచించాలి కదా! స్పాట్ వాల్యుయేషన్ హాల్లో, ఎండాకాలం ఉక్కలో, కట్టల కొద్దీ జవాబు పత్రాల మధ్య కూర్చున్న మనిషికి ‘మానవుడు సంఘజీవి’ అన్న వాక్యం కనబడితే ప్రాణం లేచివస్తుంది. సైడ్ హెడింగులు లెక్కపెట్టి మార్కులు వేసి ముందుకు సాగవచ్చు. మిల్లీగ్రాముల లెక్క రాసినవాడి పేపరు వస్తే, అది నిజమో కాదో ఆయన ఎవర్ని అడగాలి? ఆయనను నేను తప్పుపట్టను. చదివే తీరిక ఇవ్వకుండా దిద్దే పని ఇచ్చినవారి దూరదృష్టినే మెచ్చుకుంటాను.

ఈ సంప్రదాయం విలువ తెలియని పెద్దలు పూర్వం కొందరు ఉండేవారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు పూనుకుని, చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగువారి కోసం తెలుగులోనే రాయించిన కొమర్రాజు లక్ష్మణరావు వారిలో ముఖ్యుడు. ఆయన విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, ప్రతి సంగతినీ విచారించి, సరిచూసి అచ్చువేయించే చాదస్తంలో పడ్డారు. ఫలితంగా మూడు సంపుటాలు వెలువడినా ‘అ’ దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. నేటి గైడు రచయిత సమస్త విజ్ఞానాన్నీ నవంబరులో మొదలుపెట్టి సంక్రాంతి సెలవుల లోపు ముగించి, మోడల్ పేపర్లు కూడా జతచేసి బజారులోకి తెస్తున్నాడు. ప్రగతి అంటే ఇదే.

చాట్‌జీపీటీ వచ్చి పిల్లల రచనాశక్తిని హరిస్తుందని దిగులుపడేవారికి నా సానుభూతి. దాన్ని కాలుష్యం మీద వ్యాసం అడిగి చూడండి. ఉపోద్ఘాతం, లాభనష్టాలు, సమష్టి కృషి, అన్నీ వరుస తప్పకుండా అప్పజెబుతుంది. ఎటొచ్చీ గైడుకయ్యే డబ్బులు మిగులుతాయి.

నిజానికి నా ఫిర్యాదు వేరు. ఇంత గొప్ప పద్ధతిని పరీక్ష హాలుకే పరిమితం చేసి, బయట మాత్రం ఇంకా పాతకాలపు రాతలతో కాలం వెళ్లదీస్తున్నాం. రేషను షాపు పలక మీద బియ్యం ఎన్ని కిలోలో, మందుల చీటీ మీద మాత్ర ఎన్ని పూటలో, పురుగుమందు డబ్బా మీద ఎకరానికి ఎంతో నిర్మొహమాటంగా రాసేస్తున్నారు. ఉపోద్ఘాతమన్నదే లేదు. బస్టాండులో పెట్టిన బోర్డయితే మరీ దారుణం, ఊరి పేరు, టైము, ప్లాట్‌ఫారం నంబరు తప్ప ఇంకేమీ ఉండవు. పదో తరగతిలో దానికి సున్నా వస్తుంది. కనుక తక్షణమే దాన్ని సంస్కరించి, మొదట మానవ జీవితంలో ప్రయాణాల ప్రాముఖ్యతను, ఆపైన బస్సుల వల్ల లాభాలను, నష్టాలను వివరించి, సమయపాలనకు ప్రభుత్వమూ ప్రయాణికులూ కలిసి కృషి చేయాలని రాయించవలసిందిగా ఆర్టీసీ అధికారులను కోరుతున్నాను. దేవరకొండ బస్సు ఎన్నింటికో తెలియక ఇబ్బందిపడేవారు ఎంక్వయిరీ కిటికీ దగ్గర అడగవచ్చు. లోపలున్న ఉద్యోగి కూడా మన బడుల్లో చదివినవాడే కాబట్టి, ముందుగా మానవుడు సంఘజీవి అని చెబుతాడు.