రోజ్‌వుడ్ దొరగారికి ఒక దరఖాస్తు

శ్రీ శ్రీ శ్రీ రోజ్‌వుడ్ దొరగారి సముఖమునకు,

హనుమకొండ నుంచి ఒక మేనమామ దండాలు పెట్టి రాసుకున్న దరఖాస్తు ఏమనగా...

మా అల్లునికి చిన్న బాడీ అకౌస్టిక్ గిటార్ కావాలె. డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీది వద్దన్నడు. దాని కింది వెడల్పు 15 అంగుళాల మీద ఇంకో 5/8. ఒళ్లో పెట్టుకుంటే కుడి భుజం చెవు దాకా లేస్తది. 000 సైజు 15 అంగుళాలు, 00 సైజు 14 పైచిలుకు. వాడు వేళ్లతోటి మెల్లగ మీటేటోడు, ఉతికి ఆరేసేటోడు కాదు. చిన్నది తెచ్చుకుంటే ముచ్చట ఒడిసిపోవాలె. నడుమ గిటార్ వెనకకూ, పక్కలకూ వేసే కట్టె, తమరు దిగిన్రు.

కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పోయినం. దుకాణంల పిలగాడు గిటార్ గోడకెల్లి దించకముందే "బ్యాక్ అండ్ సైడ్స్ రోజ్‌వుడ్ సార్, బేస్ గుండెల తగుల్తది" అన్నడు. అదే సైజుల మహాగని కట్టెది చూపెట్టి "ఇది జర డ్రై ఉంటది" అన్నడు. డ్రై ఉండనీకి అదేమన్న మంచూరియానా? కానీ మా అల్లుడు తలకాయ ఊపిండు. వాడు వీడియోలన్నీ చూసి పాఠం ఒప్పజెప్పేటట్టు తయారై వచ్చిండు. మీరైతే అడుగున గంభీరంగ, మీద జిలుగుజిలుగుగ పలుకుతరట. మహాగని సుట్టు తిప్పకుండ సూటిగ చెప్తదట. మేపుల్ మాట అనంగనే నోరు మూస్తదట. చిన్న బాడీల బేస్ ఎట్లాగూ తక్కువ కాబట్టి ఆ లోటు మీరు పూడుస్తరట.

మీ గొంతు మీద నాకు అనుమానం లేదు దొరా. మీ కట్టె బరువు, గట్టి. వట్టి పలకను రెండు వేళ్ల నడుమ వేలాడదీసి కొడితే ఖంగుమంటది. హోండురాస్ దేశపు మీ దాయాదితోటి మారింబా అనే, కర్రలతోటి కొట్టి వాయించే వాయిద్యానికి పలకలు చేస్తరు. అయితే మారింబాల మీ వంశం ముందు నిలబడి దెబ్బలు తింటది, మోగుతది, కూలి గిట్టుబాటు అయితది. గిటార్‌ల తమరు చేసేదేంది?

తీగలు సుమారు 70 కిలోల బరువుతోటి గుంజుతుంటే ఓర్సుకునేది ముందు పలక. మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందం, అంతే. దాని కడుపుల ఎక్స్ ఆకారంల అంటించిన సన్న పట్టీలు. తీగ కదిలితే ఊగేది అదే, గాలిని కదిపేది అదే. తమరు మాత్రం వెనకకు పోయి, వాయించేటోని పొట్టకు ఆనుకొని గడిల కూసున్నట్టు కూసుంటరు. వెట్టి ముందు పలక స్ప్రూస్ కట్టెది, పట్టా మీ పేరు మీద. ధర చెప్పేటప్పుడు మళ్ల మీ పేరే ముందు.

చిన్న గిటార్ కొనేటోడు తలకాయ గోక్కోవాల్సింది ఆ ముందు పలక కాడ. సిట్కా స్ప్రూస్ దేనికైనా తట్టుకుంటది, మెల్లగ మీటినా, జోరుగ కొట్టినా. అడిరాండాక్ స్ప్రూస్ ఎంత గట్టిగ కొడితే అంత బలంగ జవాబిస్తది, ధర కూడ అట్లనే ఉంటది. వేళ్లతోటి మీటేటోనికి ఆ బలం ఎందుకో నాకు సమజ్ కాలే. ఎంగెల్‌మాన్ జర తేలిక, మెత్తటి చెయ్యికి తొందరగ పలుకుతది. సెడార్ కట్టె ఇంకా మెత్తది: గోరు తగిలితే సొట్ట పడుతది, గట్టిగ ఉతికితే సప్పుడు పిండి పిండి అయితది, కానీ వేలి కొసతోటి ముట్టుకుంటే చాలు, మాట వస్తది. మా వాడు సెడార్ పలకది చేతిల పట్టుకొని నాలుగు తీగలు మీటిండో లేదో, పక్క స్టూల్ మీద ఫోన్ల మాట్లాడేటాయన ఫోన్ దించి చూసిండు. దాని వెనక ఏం కట్టె ఉన్నదో అప్పటికి మా ఇద్దరికీ తెల్వది.

మీ గడి కోట పడిపోయేటి ముచ్చట ఒకటి ఇంగ్లండ్‌ల జరిగింది, తమరి చెవిన పడ్డదో లేదో. 2018ల లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన పరీక్ష. ఒకే తయారీదారు చేతి ఆరు గిటార్లు, అన్నింటికీ ముందు సిట్కా స్ప్రూసే. వెనక కట్టె మాత్రం వేరు వేరు: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలే, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకు వెల్డింగ్ అద్దాలు పెట్టి, మసక వెలుగుల వాయించుమన్నరు. మార్కులు అన్నింటికీ దాదాపు ఒక్క తీరు. కోట్లు తొడుక్కున్న మీ బ్రెజిల్ అన్నగారికీ, ఏ ఫర్నిచర్ దుకాణంలనో తేలే సపేలేకూ నడుమ తేడా పట్టలేకపోయిన్రు. కళ్లకు అద్దాలు పెట్టంగనే దొరతనం యాడికి పోయింది?

అంతకు ముందే, 1862ల, స్పెయిన్‌ల ఆంటోనియో డి టోరెస్ వెనక పలకా, పక్కలూ అట్టతోటి చేసి గిటార్ కట్టిండు. ముందు పలక మాత్రం స్ప్రూస్. ముందుపలకే అసలు పనిమంతురాలని చూపెట్టనీకి ఆయనకు కాయితం చాలింది. ఆ గిటార్ ఇప్పటికీ బార్సెలోనా మ్యూజియంల ఉన్నది. మా తెలంగాణ కిన్నెరకు వెదురు బొంగు, సొరకాయ బుర్రలు. ఆ సొరకాయ ఏ ఊరి చెల్కల కాసిందని అడిగినోన్ని నేనైతే చూడలే.

తమరి పేరు మీద తిరిగేటోళ్ల సంగతి కూడా చెప్పాలె. దుకాణంల ఒక గిటార్ వెనకాల నల్లటి చార ఏటవాలుగ పోతున్నది, మస్తుగ ఉన్నది. ఫోన్ లైటు సౌండ్‌హోల్ల కొట్టి చూసినం. లోపలి దిక్కు అదే జాగల చార లేదు, ఏ గీతా లేని తెల్ల చెక్క. అంటే లామినేట్: మీది పైపొర మాత్రమే, లోపల వేరేటోడు. సౌండ్‌హోల్ అంచు చూస్తే ముందుపలక సంగతి కూడ బయటపడుతది. పోగులు పైనుంచి అంచు మీదికెల్లి లోపలికి వంగకుండ దిగితే సాలిడ్, అంటే ఒక్కటే చెక్క, అడ్డంగ పొరలు కనబడితే ప్లై. ముందు సాలిడ్ ఉంటే వెనక లామినేట్ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఓరుగల్లు ఎండలకు అదే మంచిది అని కూడ అంట.

ఎందుకంటే గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ ఉంటే హాయి. మే నెలల మన దగ్గర 45 కనబడేది డిగ్రీలల్ల. సాలిడ్ పలక కుంచించుకపోతది, ముందుపలక లోపలికి కుంగుతది, ఫ్రెట్ల, అంటే మెడ మీది లోహపు పట్టీల, కొసలు మెడ అంచుల బయటికొచ్చి వేళ్లను గీకుతయి, మొండికేస్తే చిట్లుతది. వానలు పడంగనే ఉబ్బుతది, తీగలు పైకి లేస్తయి. మీరు రోజ్‌వుడ్డా, మహాగనా అని ఆ ఎండ అడగది. సజ్జ మీద ఎక్కించి మర్చిపోతే ఏ కులం కట్టె అయినా పగులుడే.

2017 జనవరిల మీ డాల్బెర్జియా వంశం మొత్తాన్ని సైటిస్ పట్టికల ఎక్కించిన్రు, అంటే అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారాన్ని దేశాల నడుమ కట్టడి చేసే ఒప్పందంల. దేశాలు దాటాలంటే కాయితాలు కావాలన్నరు. తయారీదారులు కొందరు మీకు బదులు వేరే కట్టెలు పెట్టిన్రు. పూర్తిగ తయారైన వాయిద్యాలకు 2019 నవంబర్ల సడలింపు ఇచ్చేదాకా ఆ వేరే కట్టెల గిటార్లు మూగపోయినయా దొరా?

మేం సెడార్ ముందుపలక, వెనక మహాగని లామినేట్ ఉన్న 00 తెచ్చుకున్నం. మీకియ్యాల్సిన పైసలతోటి తీగల ఎత్తు సరిచేయించినం, గట్టి కేసు కొన్నం, అందుల పెట్టనీకి తేమ డబ్బా కొన్నం.

దరఖాస్తు ఏందంటే, ఆ 00ల తమరికి ఒక కొలువు ఉన్నది. మెడ మీద తీగల కిందుండే ఫ్రెట్‌బోర్డు, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి. తీగలు రుద్దుతయి, వేళ్ల చెమట అంటుతది, మీలాంటి గట్టి, నూనె పట్టిన కట్టెకే ఆ పని చేతనైతది. పొద్దుమాపు పని ఉంటది, పేరు ఎవడూ తలువడు. జీతం: ఎండినట్టు కనబడ్డప్పుడు రెండు చుక్కల నూనె. ఇష్టమైతే చేరుండ్రి.

ఇట్లు,
ముందుపలకల తరఫున,
ఒక మేనమామ, హనుమకొండ