కొట్టుకుపోయిన చెవిపోగు గారికి

మా గేదె చెవికి వేసిన మహారాజశ్రీ 12 అంకెల పసుపు చెవిపోగు గారికి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. ప్లాస్టిక్ కదా, ఎన్నాళ్లు నానినా మీకేమీ కాదు. మా గేదె సంగతే తెలియదు.

వరదలో పోయిన గేదెకి నష్టపరిహారం కోసం ఇవాళ మళ్లీ ఆఫీసుకు వెళ్లొచ్చాను. నాలుగోసారి. భోజనాలయ్యాక రమ్మన్నారు. వాళ్ల భోజనాలు మూడున్నరకి అయ్యాయి, నాలుగింటికి సర్వర్ డౌన్ అయింది. నడుమ దక్కిన అరగంటా మీ గురించే మాట్లాడుకున్నాం.

"గేదె చచ్చిపోయిందని రుజువేది?" అన్నారు. మున్నేరులో కొట్టుకుపోయింది సార్, ఊరంతా చూసింది అన్నాను. "అలా కుదరదు. పోగు కనపడేలా కళేబరం ఫొటో ఉండాలి, పోస్టుమార్టం రిపోర్టు ఉండాలి." కళేబరం దొరికితే కదా సార్ అంటే, "దొరకలేదంటే బతికే ఉండొచ్చుగా!" అన్నారు.

ఆ మాటకి నాకు జవాబు తోచలేదు. తెల్లవారుజామున మెడలోతు నీళ్లలో పలుపు కోస్తున్నవాణ్ణి, ఫోను బయటికి తీయాలని తట్టలేదు, తప్పు నాదే. పోనీ మా గేదెకైనా ఉండక్కర్లేదా బుద్ధి? కృష్ణలో కలిశాక ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కాసేపు ఆగి, చెవి పైకెత్తి ఒక ఫొటో దిగి, పంచనామా మీద నాలుగు సంతకాలు పెట్టించుకుని పోతే దాని సొమ్మేం పోయింది?

ఇంతా చేస్తే వచ్చేదెంత? కేంద్రం 2022లో సవరించిన లెక్కలో పాడి గేదెకు 37,500 రూపాయలు. సంతలో ఆ డబ్బు చూపిస్తే తోక ముట్టుకోనిస్తారు. గొర్రెకైతే 4,000, అదీ ఇంటికి 30 దాకానే. మా వీధి చివర కాపరికి 46 పోయాయి. లెక్క ప్రకారం 16 గొర్రెలు వరదకి ఉత్తినే పోయినట్టు. అయినా నాకంటే అదృష్టవంతుడు, ఆయన గొర్రెలు తుమ్మచెట్లకి చిక్కుకుని దొరికాయి.

మీరు మా ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? మిమ్మల్ని తగిలించినవాళ్లు గేదె చెవి కుట్టి, "ఇది దీని ఆధార్, ఇక మీకు టెన్షన్ లేదు" అని చెప్పి వెళ్లారు. రెండు రోజులు చెవి విదిలిస్తూనే ఉంది పాపం, పాలు కూడా సరిగ్గా చేపలేదు. ఇవాళ ఆ నంబరే కంప్యూటర్లో కొట్టారు. గేదె వయసు, ఈతలు, టీకా తేదీ, నా పేరు అన్నీ వచ్చాయి. "చూడవయ్యా, రికార్డులో బతికే ఉంది" అని స్క్రీన్ నా వైపు తిప్పారు.

ఇక మీరూ గీరూ ఎందుకులే. అది పూటకి నాలుగు లీటర్లిచ్చి మా పిల్లల ఫీజులు కట్టింది. నువ్వేం చేశావ్? బతికున్నన్నాళ్లూ దాని చెవి బరువు చేశావు, పోయాక అది పోలేదని సాక్ష్యం చెబుతున్నావు. అంత నీళ్లలోనూ దాన్ని వదలకుండా పట్టుకున్నది నువ్వొక్కడివే అని తలుచుకుంటే మాత్రం తిట్టబుద్ధి కావడం లేదు. నా చేతిలో పలుపు ముక్కే మిగిలింది.

దూడకి కూడా పోగు వేశారు. దాన్ని రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకున్నాను, ముందుగానే.

సోమవారం మళ్లీ రమ్మన్నారు. ఏ ఇసుక దిబ్బ మీదైనా తేలితే కబురు పెట్టు. వచ్చేటప్పుడు చెవి కూడా తీసుకురా, ఒట్టి పోగు చెల్లదట.

ఇట్లు,
దరఖాస్తుదారు