కన్ను సహకరించడం లేదు

రసాయన శాస్త్రం ఇన్నేళ్లుగా ఓపికగా తలుపు తడుతున్నా మానవ నేత్రం గడియ తీయడం లేదన్న సంగతిని ప్రజల దృష్టికి తేవలసిన సమయం వచ్చింది. సూది గుచ్చకుండా, కోత పెట్టకుండా, చుక్కల మందుతోనే కంటి వెనుక భాగానికి చికిత్స చేయాలని పలు దేశాల్లో పీహెచ్‌డీ ముగించి కొద్దికాలపు కాంట్రాక్టుల మీద పనిచేసే పోస్ట్‌డాక్టోరల్ పరిశోధకులు (పోస్ట్‌డాక్‌లు) రాత్రింబవళ్లు శ్రమిస్తున్నారు. పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. గ్రాఫులు సిద్ధంగా ఉన్నాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో, మందును మోయవలసిన అతి సూక్ష్మ నానో కణాలు చూడముచ్చటగా పడ్డాయి. ఎటొచ్చీ కన్నే ఒప్పుకోవడం లేదు.

దాని నడవడి చూడండి. సీసాలోంచి పడే చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు. కంట్లో మామూలుగా నిలిచే కన్నీరు 7 నుంచి 10 మైక్రోలీటర్లు. రెప్ప వేయకుండా బిగబట్టినా 30కి మించి పట్టదు. కాబట్టి మందులో కొంత పడీపడగానే చెంప పాలవుతుంది. మిగిలినదాన్ని రెప్ప కన్నీటి నాళంలోకి నెట్టేస్తుంది. అది ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి జారుతుంది. చుక్కలు వేసుకున్న కాసేపటికి నోరు చేదైతే మందు అందవలసిన చోటికి అందిందని సంతోషించే అమాయకులున్నారు. అందింది గొంతుకు. కంటి లోపలికి దిగేది సాధారణంగా వేసిన మందులో 5 శాతం కూడా ఉండదు. కంటి వెనుక ఉండే చూపు పొర రెటీనా దాకా వెళ్లే భాగం గురించి మాట్లాడటం మర్యాద కాదు.

ఆ కాస్త మందుకూ కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా ప్రవేశ పరీక్ష పెడుతుంది. దాని మందం అర మిల్లీమీటరు, పట్టింపులు మాత్రం బోలెడు. పై పొర కొవ్వులో కరిగే అణువులనే రానిస్తుంది. నడిమి పొరకు నీటిలో కరిగేవి కావాలి. లోపలి పొర దగ్గర మళ్లీ కొవ్వు మాట ఎత్తాలి. ఎన్నికల కాలంలో పార్టీలు మారే నాయకుడికున్నంత నేర్పు ఉంటే తప్ప అణువు అవతలి ఒడ్డు చేరదు. ఈ విద్యలో ఆరితేరినది లాటనోప్రోస్ట్ అనే చుక్కల మందు. కొవ్వులో కరగడానికి ఎస్టర్ అనే రసాయన ముసుగు వేసుకుని కార్నియాలోకి దిగుతుంది. అక్కడి ఎంజైములు ముసుగు తీసేయగానే నిజరూపంతో లోపలికి వెళ్లి కంటి ఒత్తిడి తగ్గిస్తుంది. అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది. కంటి నరం దెబ్బతినే గ్లాకోమా రోగికి రోజుకు ఒక్క చుక్క చాలు. నానో అన్న మాట లేదు, బంగారు కణం లేదు, తెలివైన జెల్ లేదు. ఉన్నదల్లా ఒక ఎస్టర్ బంధం. ఇంత సాదా ఆలోచనను ఇవాళ నిధుల కోసం పంపితే 'కొత్తదనం కొరవడింది' అని తిప్పి పంపుతారని నా గట్టి నమ్మకం.

అయితే లాటనోప్రోస్ట్ పని కంటి ముందు భాగంతో సరి. అసలు పెంకితనం వెనుక ఉంది. రెటీనా నడిబొడ్డున ఉండే మాక్యులాకు వయసుతో వచ్చే క్షీణతలో తడి రకానికి (రక్తనాళాలు కారే రకం) 2006లో అనుమతి పొందిన రానిబిజుమాబ్ లాంటి మందులను నేరుగా కంటిగుడ్డులోకి సూదితో ఎక్కించాలి. మొదట్లో నెలకోసారి, తరువాత కన్ను దయ తలిస్తే ఇంకాస్త ఎడం పెట్టి. ఆ ప్రొటీన్ బరువు సుమారు 48 వేల డాల్టన్లు. కొన్ని వందల డాల్టన్లు దాటిన అణువును చూస్తేనే కార్నియా మొహం చిట్లిస్తుంది. ఈ అంతరాన్ని పూడ్చే పనిని లోకం ఎంతో ఆలోచించి, రెండేళ్ల కాంట్రాక్టు మీద ఉన్న పోస్ట్‌డాక్ చేతిలో పెట్టింది.

ఈ రంగంలో నిలకడ కాలం అని ఒక కొలత ఉంది. చుక్క కంటి మీద ఎంతసేపు నిలుస్తుందన్నది ప్రశ్న. మామూలు చుక్కయితే కొన్ని నిమిషాలు. దాన్ని పెంచడానికి కంటికి అంటుకునే కైటోసాన్ పూత ఉంది, కంటి వేడికి గట్టిపడే జెల్ ఉంది, మందు నింపిన కొవ్వు బుడగలు లైపోజోములున్నాయి. పోస్ట్‌డాక్ ప్రయోగశాలలో నిలిచే కాలాన్ని పెంచే పాలిమర్‌ను మాత్రం ఇంకా ఎవరూ తయారు చేయలేదు. తొలి నెలలు అంతకుముందు పనిచేసి వెళ్లిన మనిషి సీసాల మీద ఏమి రాశాడో పోల్చుకోవడానికి పోతాయి. చివరి నెలలు ఉద్యోగ దరఖాస్తులకు పోతాయి. నడుమ మిగిలిన వ్యవధి కణాల సైజు కొలవడానికి సరిగ్గా సరిపోతుంది, అందుకే కొలుస్తారు. సైజు, కణం మీది విద్యుదావేశాన్ని చెప్పే జీటా పొటెన్షియల్, మందు విడుదలయ్యే వేగం, ఇవన్నీ వారాల్లో తేలే లెక్కలు. ఒక పెద్దావిడ చూపు నిలిచిందా లేదా అన్నది ఏళ్ల తరబడి చూడవలసిన లెక్క. దాన్ని పత్రం చివర ఉండే 'మరింత పరిశోధన అవసరం' అనే వాక్యానికి అప్పగిస్తారు. ఈ రంగంలో కాంట్రాక్టు ఎన్నడూ ముగియని ఉద్యోగి ఆ వాక్యమే.

కన్నులన్నీ ఇంత మొండివని అనడం అన్యాయం. కుందేలు చక్కగా సహకరిస్తుంది. మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాడు. కుందేలు గంటలో ఏ నాలుగైదు సార్లో వేస్తుంది. చుక్క వేస్తే దాన్ని కంట్లో ఉంచుకుని గౌరవంగా చూస్తూ కూర్చుంటుంది. పైగా దానికి మాక్యులా లేదు, కనుక మాక్యులా జబ్బూ లేదు. జబ్బే లేని రోగిలో వైద్యం విఫలమైందని అనడానికి ఏ సమీక్షకుడికీ నోరు రాదు. చిట్టెలుక ఇంకా ఉదారమైనది. మనిషి కన్ను 24 మిల్లీమీటర్లయితే దానిది సుమారు 3. అంత చిన్న ఇంట్లో ముందు గదికి వచ్చిన అతిథి పడకగదికి కూడా వచ్చినట్టే. 'ఒక్క చుక్కతో రెటీనాకు మందు' అని వార్త వస్తుంది; ఎలుక ప్రస్తావన చివరి పేరాలో ఉంటుంది, అక్కడి దాకా చదివే ఓపిక ఉన్నవారికి.

ఈ పరిస్థితిలో మనకు రెండు మార్గాలున్నాయి. మానవజాతి రెప్ప వేయడం మానుకోవచ్చు. లేదా కుందేళ్లనే అధికారిక రోగులుగా ప్రకటించవచ్చు. రెండోదానికి కాగితాల పని తక్కువ.

కంటితుడుపుగా ఒక విజయం కూడా చెప్పుకోవాలి. చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విక్టెర్లే 1961లో తన ఇంట్లో, పిల్లలు ఆడుకునే లోహపు ముక్కల సెట్టుతో, సైకిల్ డైనమోతో యంత్రం బిగించి మెత్తని కాంటాక్ట్ లెన్సులు చేశాడు. నీటిని పీల్చే ఆ లెన్సు మందును కూడా పట్టి ఉంచగలదు కదా అన్న ఆలోచన తొలిరోజుల నుంచీ ఉంది. కీటోటిఫెన్ అనే మందు నింపిన లెన్సుకు అమెరికాలో అనుమతి దొరికింది 2022లో. అది అలర్జీ దురదకు, అదీ కంటి ఉపరితలం మీద. నడుమ గడిచినవి 61 ఏళ్లు, అంటే ఒకరి తరువాత ఒకరుగా 30 మంది పోస్ట్‌డాక్‌ల కాంట్రాక్టులు.

సూది మాటకు వస్తే, చుక్కకు అక్కడ మంచి స్థానమే ఉంది. కంటిగుడ్డులోకి సూది దించే ముందు నొప్పి తెలియకుండా మొద్దుబార్చడానికి చుక్కలు వేస్తారు. సూదిని రద్దు చేయడానికి నియమితమైన చుక్క ప్రస్తుతానికి సూదికి దారి చూపే కొలువులో ఉంది. ఆ కొలువు ఇప్పించినవాడు కార్ల్ కొల్లర్ అనే యువ వైద్యుడు. 1884లో వియన్నాలో కొకైన్ ద్రావణం కంట్లో వేసి స్పర్శ తెలియకుండా చేయవచ్చని చూపించాడు. కంటి శస్త్రచికిత్స తీరే మారిపోయింది. కొల్లర్‌కు మాత్రం వియన్నా కంటి వైద్యశాలలో తాను కోరుకున్న సహాయకుడి ఉద్యోగం దొరకలేదు. 1888లో న్యూయార్క్ వెళ్లిపోయాడు.