ఏం తేలిందో తప్ప అన్నీ తెలిశాయి

జిల్లా పేజీలో, ఎరువుల కొరత వార్తకు కింద, సంతాప సభ వార్తకు పైన, వారం తప్పకుండా ఒక శీర్షిక కనిపిస్తుంది: 'ఫలానా వారికి డాక్టరేట్'. దాని కింద మూడు వాక్యాలు. ఫలానా విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం పరిశోధక విద్యార్థికి డాక్టరేట్ ప్రకటించింది. ఆచార్య ఫలానా పర్యవేక్షణలో ఫలానా అంశంపై సిద్ధాంత గ్రంథం సమర్పించినందుకు గాను ఈ పట్టా లభించింది. ఈ సందర్భంగా ఉపకులపతి, రిజిస్ట్రార్, ప్రిన్సిపాల్, విభాగాధిపతి, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్, అధ్యాపకులు, అధ్యాపకేతర సిబ్బంది, మిత్రులు హర్షం వ్యక్తం చేశారు.

వార్త అయిపోయింది. ఇంతకూ కొత్తగా ఏం తేలిందని మీరు అడగబోతున్నారు. అడగకండి. హర్షం వ్యక్తమైంది కదా, ఇంకేం కావాలి?

ఈ వార్తలను నేను కొన్నేళ్లుగా కత్తిరించి దాస్తున్నాను. వాటిలోని శాస్త్రీయ కచ్చితత్వానికి చేతులెత్తి మొక్కాలి. ఉపకులపతి పేరుకు ముందు రిజిస్ట్రార్ పేరు వచ్చిన సందర్భం ఒక్కటీ లేదు. ఇంటిపేర్లలో ఒక్క పొల్లు తప్పిపోదు. 'అంశం' దగ్గర మాత్రమే కొంచెం ఇబ్బంది. ఆంగ్లంలో రెండున్నర వరుసలున్న శీర్షికను తెలుగు లిపిలోకి దింపేసరికి ఐదు వరుసలవుతుంది. మొదట్లో పీల్చిన ఊపిరి వదలడానికి చివరి దాకా చోటు దొరకదు. దాన్ని పంపిన పౌర సంబంధాల అధికారికీ, అచ్చువేసిన ఉప సంపాదకుడికీ, చదివిన నాకూ సరిగ్గా ఒకే మోతాదులో అర్థం కాలేదు. విజ్ఞానం ముందు అందరూ సమానులే అన్న ఆదర్శం ఈ ఒక్క చోటనైనా నెరవేరింది.

ఇక ఫొటో. దీని గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. మన విశ్వవిద్యాలయాల్లో అత్యంత కఠిన ప్రమాణాలతో జరిగే ప్రయోగం ఇదే. అంతర్జాతీయ జర్నల్‌లో ఎవరిదైనా పరిశోధన పత్రం అచ్చయితే, దాని మొదటి పేజీని రంగుల్లో ముద్రించి, లామినేషన్ చేయించి, ఉపకులపతి గది బయట నిరీక్షిస్తారు. నిరీక్షణ ఎంత సేపన్నది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. పిలుపు రాగానే లోపలికి వెళ్తారు. శాలువా ఉంటుంది, పుష్పగుచ్ఛం ఉంటుంది. కానీ శాలువా కప్పేది పరిశోధన చేసినవాడికి కాదు, అభినందించబోయే పెద్దలకు. కొనుక్కొచ్చింది మాత్రం పరిశోధన చేసినవాడే. ఫెలోషిప్ డబ్బు ఆర్నెల్లుగా రాకపోయినా శాలువా రాక తప్పదు.

తరువాత కాగితం పట్టుకోవడం మొదలవుతుంది. నడుమ ఉపకులపతి, ఆయనకు అటూ ఇటూ రెక్టార్, రిజిస్ట్రార్, వారి పక్కన డీన్లు. ఏ4 కాగితానికి నాలుగు అంచులే ఉన్నాయి కనుక మిగిలినవారు పట్టుకున్నవారి మోచేతులు పట్టుకుంటారు. ఫొటోలన్నీ పరిశీలించాక నాకొక సూత్రం తట్టింది, పేటెంటు అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు: కాగితానికీ మనిషికీ మధ్య దూరం, ఆ పరిశోధనలో అతను చేసిన పనికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ లెక్కన స్కాలర్ రెండో వరుసలో ఒక చెవి, సగం కళ్లజోడుగా మిగులుతాడు. నమూనాలు మోసుకొచ్చిన ప్రయోగశాల సహాయకుడు భవనం బయట ఉంటాడు. ఫొటోగ్రాఫర్ 'కొంచెం దగ్గరగా జరగండి సార్' అన్నప్పుడల్లా సార్లు దగ్గరవుతారు, చెవి కూడా మాయమవుతుంది.

నా దగ్గరున్న వాటిలో ఒక ఫొటో నాకు ప్రాణం. అందులో తొమ్మిది మంది కలిసి ఆ కాగితాన్ని తిరగేసి పట్టుకున్నారు. అచ్చు ఉన్న వైపు వాళ్లకు, తెల్లటి వైపు మనకు. తొమ్మిది ముఖాల్లోనూ తృప్తి. ఎవరూ గమనించలేదు, పత్రిక వేసేసింది. పరిశోధన ఫలితాలను ప్రజలకు ఇంత నిజాయితీగా వెల్లడించిన చిత్రం మరొకటి లేదు.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం కూడా జరుపుతారు. సి.వి.రామన్ తన ఆవిష్కరణ ప్రకటించిన 1928ని తలుచుకుంటూ 1987 నుంచి ఆనవాయితీగా వస్తున్నదే. 'సామాన్యుడి చెంతకు సైన్స్' అని బ్యానర్ కట్టి, సామాన్యుడు రాకుండా గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూస్తారు. వక్తలందరూ రాజ్యాంగాన్ని గుర్తు చేస్తారు. నిజమే, 1976లో 42వ సవరణతో చేరిన 51ఎ(హెచ్) అధికరణం ప్రకారం శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుడి విధి. పౌరుడు అడగాలని రాశారు. జవాబు చెప్పడం ఎవరి విధో రాయడం మరిచారు.

ఎందుకు చెప్పరని అడిగితే వచ్చే సమాధానం ఒకటే: 'మామూలు జనానికి ఇవన్నీ అర్థం కావండీ.' ఈ మాట అన్నవారు ఒక్కసారి విత్తనాల దుకాణం ముందు నిలబడాలి. బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన వరి వంగడానికి సాంబ మసూరి అని చక్కటి పేరున్నా, రైతు అడిగేది 'ఐదు వేల రెండు వందల నాలుగు' అనే. బీపీటీ 5204. మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణను ఎంటీయూ 7029 అంటాడు. ఏది ఎన్ని రోజుల పంట, ఏది గాలికి పడిపోతుంది, దేనికి ఏ తెగులు అన్నది నంబర్లతో సహా గడగడా చెబుతాడు. బడి మెట్లెక్కని మనిషి కూడా చెబుతాడు. ఎలా వచ్చింది ఈ పాండిత్యం? వ్యవసాయ శాస్త్రవేత్తలు మినీకిట్లు, అంటే వేసి చూడమని చిన్న విత్తన సంచులు ఇచ్చి, రైతు పొలంలోనే వేయించి, పండిందా లేదా అని అతన్నే అడిగారు కనుక. నచ్చకపోతే రైతు వేయడు. అందువల్ల చెప్పక తప్పలేదు. ఇదీ మన విశ్వవిద్యాలయ పరిశోధనే. దేశం సగం తిన్నది. అర్థం కాలేదని ఎవరూ విస్తరి ముందు నుంచి లేవలేదు.

ఇంతవరకు నవ్వుకున్నాం. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు.

మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట వెలుగు చూసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. తరువాత నల్గొండ పేరు దీనితో ఎంతగా ముడిపడిందంటే, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికే ఆ జిల్లా పేరు పెట్టారు, అది ఆఫ్రికా దాకా వెళ్లింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఈ ఒక్క అంకె చుట్టూ మన రసాయన, భూగర్భ శాస్త్ర విభాగాల్లో వచ్చిన డాక్టరేట్లు ఎన్నో. పని తీరు ఒకటే. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి స్కాలర్ బస్సు దిగుతాడు. బోరు దగ్గర వరుసలో ఉన్న ఆవిడ తన బిందె పక్కకు జరిపి, 'ముందు మీరు పట్టుకోండి బాబూ' అంటుంది. అతను సీసా నింపి మూత మీద ఎస్-14 అని రాస్తాడు. ఆ క్షణంతో ఊరి పేరు పోయింది. ప్రయోగశాలలో ఫలితం వస్తుంది: ఉండవలసిన దానికి రెండింతలు. ఈ సంగతి ఇప్పుడు స్కాలర్‌కు తెలుసు, గైడుకు తెలుసు, సిద్ధాంత గ్రంథం దిద్దిన పరీక్షకులకు తెలుసు, ఏ దేశంలోనో ఉన్న జర్నల్ సంపాదకుడికి తెలుసు. బిందె జరిపిన ఆవిడకు తెలియదు. ఆవిడ ఆ సాయంత్రం కూడా ఆ నీళ్లే పట్టుకెళ్లి పిల్లలకు పోసింది. ఎముకలు వంగేది ఎస్-14కి కాదయ్యా, ఆ పిల్లలకు!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. శాస్త్రంలో తేలకపోవడం తప్పు కాదు. కానీ ఎన్ని బృందాలు వచ్చాయి, ఎన్ని సీసాల నీళ్లు, ఎంత మట్టి, ఎన్ని గొట్టాల నెత్తురు తీసుకెళ్లాయి? ఇచ్చినవాళ్లలో ఎందరి చేతికి తమ ఫలితం తిరిగి వచ్చింది? 'ఇది చూశాం, ఇది కాదని తేలింది, ఇది ఇంకా చూస్తున్నాం' అని ఆ ముంగిట్లో నిలబడి తెలుగులో చెప్పడానికి ఏ గ్రాంటు అడ్డం వచ్చింది? ఊరివాళ్ల నెత్తురు మీద పదోన్నతి తెచ్చుకుని, ఆ ఊరికి ఒక్క వాక్యం బాకీ లేమనుకోవడాన్ని ఏమనాలో నాకు తెలుసు, పత్రికలో రాయకూడదు.

అన్నీ బహిరంగమేనండీ అంటారు. అవును, సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఆవిడ చేయవలసిందల్లా రెండు వందల పేజీల ఆంగ్లం తెరిచి, నాలుగో అధ్యాయంలో పట్టిక వెతికి, తన బోరే ఎస్-14 అని కనిపెట్టడం. జర్నల్ పత్రం కావాలంటే చాలా చోట్ల 30, 40 డాలర్లు కట్టాలి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. దాదాపు 13,000 జర్నళ్లు తెరుచుకుంటాయి, ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవారికి. బిందె పట్టుకున్న ఆవిడ ఏ విద్యాసంస్థలోనూ లేదు. నీళ్లు ఆవిడవే, అంకెలు మాత్రం ఆవిడవి కావు.

నేను కోరేది జనరంజక విజ్ఞాన ఉద్యమం కాదు. బోరు పక్కన ఒక రేకు బోర్డు. దాని మీద అంకె, పరీక్షించిన తేదీ, తాగవచ్చా కూడదా, విభాగం ఫోను నంబరు. స్కాలర్ రెండోసారి బస్సు దిగినప్పుడు చేతిలో పట్టుకొచ్చేంత పని. ఆ మధ్య ఒక ఆచార్యుడితో ఈ మాటే అన్నాను. సౌమ్యుడు, పనిమంతుడు, విద్యార్థులకు సొంత డబ్బుతో రసాయనాలు కొనిచ్చే మనిషి. ఆయన ఓపికగా విన్నారు.

"బోర్డు పెడితే మర్నాడే ఊరంతా మంచినీళ్లు కావాలని కలెక్టరేట్ ముందు కూర్చుంటుందండీ. ఎవరు పెట్టమన్నారని మా మీదికి వస్తారు. పత్రమైతే ఆ గొడవ లేదు. ఎవరూ చదవరు."