రెండు లక్షలు తిరిగిన కారుకు ఒక సమర్థన

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు కొన్నవాణ్ణి కొత్త కార్లవాళ్లు జాలిగా చూస్తారు, కారే లేనివాళ్లు అనుమానంగా చూస్తారు. ఇద్దరికీ అసలు సంగతి తెలియదు. ఆ రోజు అతని చేతికి తాళంచెవితో పాటు ఒక వాదన కూడా వచ్చింది. తాను లాభపడ్డానన్నదే ఆ వాదన. బండికి ఆయిల్ మార్చడం మరిచిపోయినా ఆ వాదనకు మాత్రం రోజూ సర్వీసింగ్ జరుగుతుంది. అలాంటి యజమానుల పక్షాన, వాళ్లెవరూ అడక్కపోయినా, నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

వాదనకు పునాది గట్టిదే. కొత్త కారు షోరూం గుమ్మం దాటిన క్షణం నుంచీ విలువ పడిపోతుంది. నిటారుగా పడేది మొదటి రెండు మూడేళ్లలోనే. ఆ నష్టమంతా ఎవరో మొదటి యజమాని మోసి వెళ్లిపోయాడు. మనవాడు బండి పన్నెండో ఏట రంగప్రవేశం చేశాడు. ఇక అందులోంచి పడటానికి విలువంటూ ఏమీ లేదు. పడితే సైలెన్సర్ పడాలి.

ఈ పాత కార్ల బజారు గురించి జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త కూర్చుని ఆలోచించి 1970లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. బండిలో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు ఏ బండికైనా సగటు ధరే ఇస్తానంటాడు. మంచి బండి ఉన్నవాడికి ఆ ధర గిట్టదు, తోలుకుని ఇంటికి పోతాడు. బజారులో చివరికి మిగిలేవి పాడు బండ్లు. ఇదీ ఆయన చెప్పింది. అచ్చు వేయమని పంపితే రెండు పత్రికలు ఇది మరీ చిన్న విషయమని తిప్పి పంపాయి, మూడోది తప్పని తిప్పి పంపింది. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ సంపాదకులు ముగ్గురూ కొత్త కార్లే కొనేవారని నా అనుమానం.

మనవాడు ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా అంగీకరిస్తాడు, ఒక్క మినహాయింపుతో. తనకు అమ్మినతను అలాంటివాడు కాడు. పాపం విదేశం వెళ్లిపోతున్నాడు కాబట్టి అమ్ముకున్నాడు. పాత కార్ల ప్రకటనలు వరసగా చదివితే జనమంతా విమానాశ్రయంలోనే ఉన్నారేమో అనిపిస్తుంది.

కొనేముందు బండి చూడటానికి ఒక మర్యాద ఉంది. టైరును కాలితో ఒకసారి తన్నాలి. తలుపు ఒకసారి తీసి వేయాలి. బానెట్ ఎత్తించి, లోపల ఇంజన్ ఉందని నిర్ధారించుకుని, "ఊఁ" అనాలి. అంతటితో పరీక్ష ముగిసినట్టు. తరతరాలుగా ఇలాగే జరుగుతోంది, ఎవరికీ బాధ కలగలేదు.

కానీ ఈమధ్య కొందరు తయారయ్యారు. బేరానికొచ్చి, పలకరింపులైనా కాకముందే బానెట్ మీద అరచెయ్యి పెడతారు. వెచ్చగా తగిలిందా, రేపు పొద్దున వస్తామంటారు, తామొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దంటారు. చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడే అరిగిన భాగాలు నోరు విప్పుతాయట. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందట. నల్లపొగ వస్తే ఇంధనం సరిగా కాలడం లేదట. తెల్లపొగ ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్లలోకి దిగుతోందట, ఇంజన్ పైభాగం కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయిందేమో చూసుకోవాలట. అమ్మేవాడు "చలికండీ" అని ఒక్కమాటలో తేల్చేసిన విషయానికి ఇన్ని రంగులు! అక్కడితో ఆగుతారా అంటే ఆగరు. ఆయిల్ మూత విప్పి లోపలివైపు తెల్లటి జిగురు పట్టిందేమో వెతుకుతారు. టైరు పక్కన నాలుగంకెలు పట్టుకుంటారు. అందులో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. 3519 అని ఉంటే 2019లో ముప్ఫయ్యయిదో వారమన్నమాట. "కొత్త టైర్లండీ" అన్న మనిషి ముఖం అప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించే సంస్కారం వీళ్లకు లేదు.

బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే మీటరు మీద వీళ్లకు అసలు గౌరవం లేదు. వెనకటి మీటర్లలో చాలావాటికి ఐదు చక్రాలే ఉండేవి. 99,999 దాటగానే మళ్లీ సున్నా. అది నిజాయితీగల పునర్జన్మ, మీటరు దానంతటదే ఎత్తేది. డిజిటల్ మీటర్లొచ్చాక మోసం పోతుందన్నారు. పోయింది మీటరును వెనక్కి తిప్పే స్క్రూడ్రైవరు మాత్రమే. ఇప్పుడు డాష్‌బోర్డు కింది సాకెట్‌కు ఒక పరికరం తగిలించి కూర్చున్నచోటే యవ్వనం ప్రసాదిస్తున్నారు. చిక్కెక్కడ వచ్చిందంటే, కొన్ని కార్లలో అదే లెక్క ఇంజన్ కంప్యూటర్లో కూడా దాచి ఉంటుంది, ఇంకొన్నింట్లో తాళంచెవిలో కూడా. మీటరు డెబ్బై వేలంటే తాళంచెవి లక్షా తొంభై అంటుంది. ఇవేవీ లేకపోయినా క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, డ్రైవర్ సీటు అంచు దిగబడి ఉంటే బండి పెద్దగా తిరగలేదంటే నమ్మరట.

మరీ ముదిరినవాళ్లు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ జేబులో పెట్టుకొస్తారు. ఇంజన్ లైటు వెలగడం లేదన్న చిన్న సంతోషం కూడా మిగలనివ్వరు. లైటు వెలగకపోవడం వేరు, దాన్ని నిన్న రాత్రి ఆర్పేయడం వేరు అంటారు. ఆ లైటును వెలిగించే లోపాల కోడ్లు చెరిపితే కారు తనకు తాను చేసుకునే పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. అవి మళ్లీ పూర్తికావాలంటే కొంతకాలం రకరకాల వేగాల్లో నడపాలి. ఆ పరీక్షలన్నీ ఇంకా అసంపూర్తి అని స్కానర్ చూపిస్తే చెరిపి ఎంతోకాలం కాలేదని అర్థం. బ్యాటరీ విప్పినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది కాబట్టి అమ్మేవాడు "నిన్ననే బ్యాటరీ విప్పి శుభ్రం చేశాను సార్" అంటాడు. ఈ వేధింపులు పడలేకే ఎందరో అమ్మకందార్లు మనలాంటి మర్యాదస్థులను వెతుక్కుంటూ వస్తున్నారు.

బండి ఇంటికొచ్చిన కొద్దిరోజులకు యజమాని చెవులు సర్దుకుంటాయి. పక్క సీట్లో బావమరిది చెవులు ఇంకా సర్దుకోలేదు.

"బావా, ఏదో చప్పుడొస్తోంది కదా?"

"ఏం చప్పుడు?"

"మలుపు తిప్పినప్పుడల్లా టక్ టక్ మంటోంది."

"ఓ, అదా! అది మొదటి నుంచీ ఉన్నదే."

పాత కార్ల లోకంలో ఈ జవాబు మరమ్మతుతో సమానం. మొదటి నుంచీ ఉన్న చప్పుడు లోపం కిందికి రాదు, బండి స్వభావం కిందికి వస్తుంది. మలుపులో టక్ టక్ మంటే యాక్సిల్ జాయింటు రబ్బరు బూటు చిరిగి, గ్రీజు కారిపోయి, మట్టి చేరిందని మెకానిక్‌లు అంటారు. వేగంతో పాటు పెరిగే ఊళ వీల్ బేరింగుదట. గతుకుల్లో డబడబలు బుష్షులవో షాకబ్జార్బర్లవో అయి ఉంటాయట. అన్నిటికీ కలిపి ఒకే మందుంది, పాటల సౌండు పెంచడం. ఆ బటన్‌ను స్టీరింగ్ మీదికే తెచ్చిపెట్టిన ఇంజనీర్లు మన కష్టం తెలిసినవాళ్లు. బ్రేకు నొక్కినప్పుడు ఇనుము ఇనుమును గీకే చప్పుడు వస్తే మాత్రం పాట కట్టేసి షెడ్డుకు వెళ్లండి. ప్యాడ్లు అయిపోయి డిస్కు అరుగుతోంది. ఎంత వ్యంగ్యం రాసుకునేవాడైనా ఎదుటి బండి ఆగాల్సిన చోట ఆగాలనే కోరుకుంటాడు.

ఆయిల్ విషయంలో మనవాడిది స్వతంత్ర చింతన. ఇంజన్ తాగుతోంది, నిజమే. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా తాగినా మామూలేనని కొన్ని కంపెనీలు తమ పుస్తకాల్లో రాసుకున్నాయి కాబట్టి దాన్ని వ్యసనమనకూడదు. మనం పైనుంచి పోస్తూనే ఉన్నాం, లోపల కాలిపోతూనే ఉంది. అంటే ఆయిల్ తనంతట తానే మారుతోంది. ఇక పనిగట్టుకుని మార్చడమెందుకు? ఈ వాదనలోకి ఆయిల్లోని మురికిని పట్టే ఫిల్టరు అనే వస్తువు అడ్డొస్తుంది గానీ, దాన్నెవరూ పిలవలేదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు సంగతి ఇంకా హాయి. అందులో పోసింది జీవితకాలపు ఆయిల్ అని చాలా కార్ల కంపెనీలు చెప్పాయి. ఎవరి జీవితకాలమో చెప్పలేదు. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. తయారుచేసినవాడికంటే అమ్మినవాడి మాట తియ్యగా ఉంటుంది కాబట్టి మనం దాన్నే నమ్ముదాం.

టైమింగ్ బెల్టు ఒక్కటే మన సహనాన్ని అలుసుగా తీసుకుంటుంది. మిగతా భాగాలు చప్పుడు చేసో, పొగ వదిలో, లైటు వెలిగించో సెలవు అడుగుతాయి. ఇది చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుతో పాటు, సిలిండర్లకు తలుపుల్లాంటి వాల్వులు లయ తప్పకుండా తెరుచుకునేలా చూసేది ఈ పళ్ల రబ్బరు బెల్టే. చాలా ఇంజన్లలో అది తెగిందంటే పైకొచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి, వాల్వులు వంగుతాయి, ఇంజన్ పైభాగమైన హెడ్డు విప్పాలి. అందుకే తయారీదార్లు దానికి ఇన్ని కిలోమీటర్లని, లేదా ఇన్నేళ్లని గడువు పెట్టారు, ఏది ముందొస్తే అది. చాలా బండ్లకు లక్షకు అటూఇటూగా. రెండు లక్షలు తిరిగిన బండికి ఆ గడువు ఎన్నిసార్లు వచ్చి ఉండాలో చిన్నపిల్లలైనా చెబుతారు. "బెల్టు మార్చారా?" అని మనవాడు కొనేటప్పుడు అడిగాడు. "మార్చే ఉంటామండీ" అని వచ్చింది జవాబు. బిల్లు చూపించమంటే బాగుండదని ఊరుకున్నాడు. బెల్టుకు బదులు చెయిన్ ఉన్న ఇంజన్లవాళ్లు ఇక్కడ నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, ఆయిల్ మార్చకపోతే సాగేది వాళ్ల చెయినే.

ఎవరైనా ఈ లెక్కన వాదనకు ఎసరు పెడుతుంటే మనవాడు ఇర్వ్ గోర్డన్ పేరు తీస్తాడు. అమెరికాలో సైన్సు మాస్టారు. 1966లో వోల్వో 1800ఎస్ కొన్నాడు. 2013లో అది 30 లక్షల మైళ్లు దాటింది. 2018లో ఆయన పోయేనాటికి 32 లక్షల మైళ్లు, అంటే 51 లక్షల కిలోమీటర్లకు పైమాటే. గిన్నిస్ పుస్తకంలో ఎక్కిన బండి. "ఆ లెక్కన నాది ఇంకా పాతికో వంతు కూడా తిరగలేదు, పసిపిల్ల" అంటాడు మనవాడు. చాలదంటే గ్రీసులో టాక్సీగా 46 లక్షల కిలోమీటర్లు తిరిగి 2004లో కంపెనీ మ్యూజియంకు చేరిన మెర్సిడెస్ 240డి ఉండనే ఉంది. దాని ఇంజన్‌ను ఎన్నోసార్లు మార్చారన్న సంగతి సభాముఖంగా చెప్పడు. గోర్డన్ చేసిందల్లా కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఎప్పుడేం చేయమంటే అప్పుడది చేయించడం. వినేవాళ్లకు నిరాశగానే ఉంటుంది మరి, ఇందులో రహస్యం లేదు, చిట్కా లేదు, ఫోన్లలో ముందుకు పంపించుకోవడానికి ఏమీ లేదు. గోర్డన్ కారు ఫొటో మనవాడి ఫోన్‌లో ఉంది. తన కారు పుస్తకం ఎక్కడుందో తెలియదు.

నా సొంత అభిప్రాయం ఒకటి ఇక్కడ దొర్లనిస్తాను. రెండున్నర లక్షలు తిరిగి, ప్రతి సర్వీసు బిల్లూ ఫైలులో ఉన్న బండి, డెబ్బై వేలు తిరిగి ఒక్క కాగితమూ లేని బండి కంటే మేలు. దీన్ని మనవాడు కూడా ఒప్పుకుంటాడు. తన బండికి రెండు లక్షలూ ఉన్నాయి, ఫైలు ఒక్కటే లేదు.

లెక్కల దగ్గర అతని ప్రతిభ పూర్తిగా విరబూస్తుంది. టైర్లు ఖర్చులోకి రావు, ఏ కారుకైనా వేయాల్సిందే కదా. బ్యాటరీ కూడా అంతే. నడిరోడ్డు మీంచి బండిని షెడ్డుకు లాక్కెళ్లిన క్రేను డబ్బు ప్రయాణ ఖర్చు. ఆ రాత్రి ఇంటికి పట్టుకున్న టాక్సీ సొంత ఖర్చు. క్లచ్ ప్లేట్లు ఒక్కసారి ఖర్చు కాబట్టి కలపకూడదు. రేడియేటరు ఇంకో ఒక్కసారి ఖర్చు. ఈ ఒక్కసారి ఖర్చులు ఏడాది పొడుగునా వరస కట్టి వస్తే అది అతని తప్పా? ఇవన్నీ తీసేయగా మిగిలేది పెట్రోలు. అది కొత్త కారుకైనా పోయాలి. కాబట్టి బండి పూర్తిగా ఉచితం.

ఈ లెక్కను చెడగొట్టగలిగినవాడు మెకానిక్ ఒక్కడే. "ఇంత పెట్టేకంటే అమ్మేసుకోండి సార్" అని ఒకతను అన్నాడు. అతని షెడ్డుకు మనవాడు మళ్లీ వెళ్లలేదు. పని రాదని అందరికీ చెబుతున్నాడు. ఇప్పుడు వెళ్లేచోట మేస్త్రీ బానెట్ ఎత్తగానే "ఇలాంటి ఇంజన్లు ఇప్పుడెక్కడ వస్తున్నాయి సార్" అంటాడు. అని, ఆ ఇంజన్‌ను కిందికి దించుతాడు.

అమ్మే ఆలోచన మనవాడికి రాదనుకోకండి. వచ్చింది. కానీ అప్పుడే నాలుగు టైర్లూ కొత్తవి వేశాడు, కొత్త టైర్లు వేసి ఇంకొకడికి ధారపోయడమా? అరిగేదాకా వాడదామనుకున్నాడు. ఈలోపు బ్యాటరీ మార్చాల్సి వచ్చింది, దానికి వారంటీ మిగిలే ఉంది. వారంటీ తీరేనాటికి సస్పెన్షన్ పని పడింది. అది చేయించాక బండి చేతికి ఎంత మెత్తగా వస్తోందంటే, ఇలాంటిదాన్ని అమ్ముకునేవాడు వెర్రివాడనిపించింది. మళ్లీ అమ్మాలనిపించేసరికి టైర్లు అరిగిపోయాయి. అరిగిన టైర్లతో బండికి ధర రాదని, అమ్మకం కోసమే నిన్న నాలుగూ కొత్తవి వేయించాడు.