సర్పంచ్ చేతిలో లేని డబ్బుకు సర్పంచ్‌ను లెక్క అడుగుతారా?

“ముప్పై ఏళ్లుగా ఆడవాళ్లకు సర్పంచ్ పదవులు రిజర్వు చేస్తున్నారు. పెత్తనం మొగుళ్లది, ఊరి బడికి పైసా పెరిగింది లేదు, ఆడపిల్లల చదువూ మారలేదు. ఈ కోటా దండగ.” వాట్సాప్‌లో చేతులు మారుతున్న సందేశమిది.

పెత్తనం మొగుళ్లదే అన్నది చాలాచోట్ల నిజమే. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో పెద్దగా, ఆమెది మూలన. గ్రామసభలో కుర్చీ ఆయనకు, సంతకం ఆమెకు. కానీ అన్నిచోట్లా ఇంతే అయితే, రిజర్వు అయిన పంచాయతీల ఖర్చు మిగతావాటిలాగే ఉండాలి కదా! పరిశోధకులు రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో పోల్చి చూసి, 2004లో ఫలితాలు ప్రచురించారు. రెండుచోట్లా మహిళలున్న పంచాయతీలు తాగునీటికి ఎక్కువ ఖర్చు పెట్టాయి. రోడ్లకు మాత్రం బెంగాల్‌లో ఎక్కువ, రాజస్థాన్‌లో తక్కువ. ఏ ఊరి ఆడవాళ్లు దేనికోసం మొరపెట్టుకున్నారో డబ్బు అటే వెళ్లింది. భర్తే అంతా నడిపితే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఇక బడికి పైసా సంగతి. టీచర్ల నియామకం, జీతం రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది. ప్రాథమిక విద్య ఖర్చులో సింహభాగం అదే. పంచాయతీ చేతిలో మిగిలేది గోడ, కుళాయి, మరుగుదొడ్డి లాంటివి. పైగా, ఆడవాళ్లు వస్తే బడులకు నిధులు వాటంతటవే పారతాయని నమ్మే నా మిత్రులకూ ఒక మాట: అదే అధ్యయనంలో బెంగాల్‌లోని మహిళా పంచాయతీలు అనియత విద్యాకేంద్రాలను, అంటే మామూలు బడి బయట చదువు చెప్పే కేంద్రాలను, తక్కువగానే తెరిచాయి. అక్కడి ఆడవాళ్లు ముందు అడిగింది నీళ్లు.

ఆడపిల్లల చదువు మారలేదన్నది మాత్రం పూర్తిగా తప్పు. బెంగాల్‌లోనే 495 గ్రామాలను పరిశీలించి 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. వరుసగా రెండు దఫాలు పదవి మహిళలకు రిజర్వు అయిన ఊళ్లలో, కౌమార వయసు ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య చదువులో ఉన్న అంతరం చెరిగిపోయింది. ఆడపిల్లలకు ఇంటిచాకిరీ తగ్గింది. కొత్త బడులు కట్టి సాధించింది కాదిది; కళ్లెదుట ఒక మహిళ పదవిలో ఉండటం వల్ల వచ్చిన మార్పని పరిశోధకుల అంచనా.

బడి పద్దు ఎందుకు పెరగలేదని నిలదీయాలంటే శాసనసభను నిలదీయాలి. అక్కడా, లోక్‌సభలోనూ మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 106వ రాజ్యాంగ సవరణను 2023లో ఆమోదించి, అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. మరుసటి ఏడాది లోక్‌సభకు గెలిచిన మహిళలు 543 మందిలో 74.